చుట్టాల లైనులో అల్లుడు

ఆ రోజుల్లో నాకు అలగడానికి కావలసినంత తీరిక ఉండేది. అలక తేలికైన పని అనుకునేవాళ్ళు దాన్ని ఎన్నడూ శ్రద్ధగా చేసి ఉండరు. ముందు ఒక మాట పడాలి. పడిన మాటను రెండు పూటలు నానబెట్టాలి. అన్నవాడు అన్న సంగతే మరిచిపోయాక అప్పుడు మూతి ముడవాలి. ఏమైందని వాళ్ళు అడగాలి, ఏమీ కాలేదని మనం చెప్పాలి. ఉద్యోగం చేసుకునేవాడికి ఇదంతా ఎక్కడ కుదురుతుంది? నాకు పెళ్ళైన ఏడాదికే ఉద్యోగం పోయింది (పోలేదు, నేనే మానేశాను, కొత్తగా వచ్చిన మేనేజరు అందరి పేర్ల చివరా 'గారు' తగిలించి నా పేరు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి దాచుకున్నాడు). సూరత్ పక్కనే ఉన్న హజీరాలో కంపెనీలు బోలెడు, ఏదో ఒకటి దొరుకుతుంది రమ్మని మామ కబురు పెడితే, మా ఆవిడతో సహా సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి అత్తవారింట్లో నాలుగు నెలలున్నాను. ఆ నాలుగు నెలల్లో నాకు జరిగిన చిన్నచూపులన్నీ వరసగా జ్ఞాపకం ఉన్నాయి. వాటిలో కొన్ని నిజంగానే జరిగాయి.

మొదటిది రైల్వే స్టేషనులోనే జరిగింది. మా బావమరిది మమ్మల్ని తీసుకెళ్ళడానికి బయలుదేరి, మా బండి పక్క స్టేషను ఉధనాలో ఆగుతుందనుకుని అక్కడికి పోయాడు. మేము సూరత్‌లో దిగి ఎదురుచూస్తున్నాం. ఆటో చేసుకుని వెళ్దామని మా ఆవిడ అంటే, పిలవని పేరంటానికి పోయినట్టు ఆటోలో పోవడమేమిటని నేను పెట్టె మీద కూర్చున్నాను. బావమరిది పరుగెత్తుకొచ్చి క్షమించమన్నాడు. పెద్దవాళ్ళు వస్తే తప్ప లేవనన్నాను. చివరికి మామ దుకాణం కట్టేసి వచ్చి 'అల్లుడా, లే' అంటే లేచాను. నా దృష్టిలో అది అక్కడితో ముగిసిపోయింది. అది ఆ ఇంట్లో చాలా కాలం నడిచిందని తర్వాత తెలిసింది.

మామ వాళ్ళది మగ్గాల మీద పనికని ఎప్పుడో వలస వచ్చిన కుటుంబం. మామ వయసొచ్చాక మగ్గం వదిలి సలాబత్‌పురాలో చిన్న చీరల దుకాణం పెట్టాడు. ఇల్లు మాత్రం ఆల్థాన్‌లో, నాలుగో అంతస్తులో. ఫోనులో ఫోటోలు చూసి చీరలు అడిగేవాళ్ళు పెరిగాక, పార్శిళ్ళ మీద అంటించే చిరునామా కాగితాల కోసం ఇంట్లోకి ఒక ప్రింటరు వచ్చింది. కంప్యూటర్ కంపెనీలో పనిచేసే బావమరిది దాన్ని తీగ లేకుండా వైఫైతో కలిపాడు. బీరువా మీద రెండు కొమ్ములతో ఒక నల్ల రౌటరు ఉండేది. అందులోంచి రెండు పేర్లతో లైన్లు వచ్చేవి. ఒక దాని పేరు 'ఇల్లు', రెండో దాని పేరు 'చుట్టాలు'. నేను వచ్చిన మర్నాడు నా ఫోనూ, నా లాప్‌టాపూ తీసుకుని బావమరిది రెండింటినీ చుట్టాలలో కలిపాడు. దాని పాస్‌వర్డ్ 'రండి రండి'. మొదటి నెల నాకది మర్యాదగానే తోచింది. అల్లుడంటే చుట్టాలందరిలోకి పెద్ద చుట్టం కదా.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఎదురింటి గుజరాతీ బెన్ (అక్కడ ఆడవాళ్ళను అలాగే పిలుస్తారు) జాకెట్టు కొలతల కాగితమేదో ప్రింటు తీసుకోవడానికి వచ్చింది. ఆవిడ గడప దాటడంతోనే ఆవిడ ఫోను ఇంటి లైనులో కలిసిపోయింది. నేను నా కళ్ళతో చూశాను. అంటే ఎదురింటావిడ ఇంటి మనిషి, ఇంటి అల్లుడు చుట్టం. ఆ పూట భోజనంలో నేను పెరుగు వేసుకోలేదు. ఎవరూ గమనించలేదు (ఇది మూడో చిన్నచూపు, రెండోది ఇక్కడ రాయదగ్గది కాదు).

అలా అని నన్ను ఇంటి మనిషి అంటే ఒప్పుకునేవాడినా అంటే, అదీ లేదు. వీధి చివర జిరాక్సు దుకాణంలో నా సర్టిఫికెట్ల నకళ్ళు తీయిస్తుంటే దుకాణదారు ఏ ఫ్లాటు అని అడిగాడు. చెప్పాను. అతను పక్కనున్న గిరాకీ వైపు తిరిగి 'ఘర్‌జమాయి' అన్నాడు. ఇల్లరికపు అల్లుడని గుజరాతీలో. సగం తీయించిన నకళ్ళు అక్కడే వదిలేసి వచ్చేశాను. ఆ దుకాణం మెట్లెక్కనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇంట్లోవాడివంటే ఇల్లరికమా అని కోపం, కాదంటే పరాయివాడినా అని కోపం. ఈ రెండు కోపాల మధ్య నేను నిలబడగలిగిన చోటు ఎంత ఉందో మా ఆవిడ ఒకసారి చూపుడు వేలూ బొటన వేలూ దగ్గరగా పెట్టి చూపించింది.

ఇలా ఉండగా హజీరాలోని ఒక కంపెనీ స్టోర్స్ విభాగంలో నాకు పని దొరికింది. సోమవారం ఉదయం చేరాలి. ఆదివారం వాళ్ళు ఒక లింకు పంపారు. అది సాయంత్రం ఆరింటిదాకే తెరుచుకుంటుంది. అందులో నా వివరాలు నింపి, వచ్చిన ఫారాన్ని ప్రింటు తీసి, ఫోటో అంటించి, స్థానికంగా ఉండే ఒక ఇంటి యజమాని సంతకం పెట్టించి, గేటు దగ్గర చూపించాలి. కాగితం లేకపోతే గేటు తెరవరు. ఆ గేటు దాటలేకపోతే తర్వాతి బ్యాచి ఎప్పుడో వాళ్ళకే తెలియదట. నాలుగు నెలలుగా మా ఆవిడ ఎవరేమడిగినా 'వస్తది, దొరుకుతది' అని నా తరఫున చెబుతూ వచ్చింది. ఆ మాట ఆమె చేత ఐదో నెలలో చెప్పించకూడదు. నా పట్టుదల ఎంతటిదైనా, ఇది మాత్రం నాకు తెలుసు.

మధ్యాహ్నం మూడింటికి ఫారం నింపి ప్రింటు మీట నొక్కాను. ప్రింటరు అందుబాటులో లేదని వచ్చింది. ప్రింటరు నా మోకాలికి జానెడు దూరంలో, పచ్చ దీపం వెలిగించుకుని కూర్చుని ఉంది. మళ్ళీ నొక్కాను. లేదంది. ప్రింటరును ఆర్పి వెలిగించాను, కాగితాలు తీసి దులిపి పెట్టాను, సిరా చూశాను. కుర్చీ ఎక్కి బీరువా మీది రౌటరును ఆర్పి, వంద లెక్కపెట్టి వెలిగించాను. లాప్‌టాపులోంచి ప్రింటరు పేరే తీసేసి, మళ్ళీ చేర్చబోతే, అలాంటిదేదీ ఈ చుట్టుపక్కల లేదంది. మంచినీళ్ళు తాగుతూ, తీగతో కలుపుదామని తీగ అడిగాను. దాన్ని బావమరిది వాళ్ళ ఆఫీసుకు తీసుకుపోయాడట. ఫారాన్ని మా ఆవిడ ఫోనులో తెరిస్తే సగం కోసేసినట్టు కనబడింది (దాన్ని ఫైలుగా దాచి ఎవరికైనా పంపవచ్చని నాకు ఏడాది తర్వాత తెలిసింది, తెలిసినా పంపేవాణ్ణి కాదేమో). జిరాక్సు దుకాణం ఆదివారం కూడా తెరిచే ఉంటుందని అత్తమ్మ వంటింట్లోంచి చెప్పింది. నాకు వినబడలేదు.

నాలుగున్నరకు నేను నేల మీద బోర్లా పడుకుని ప్రింటరు వెనక భాగం చూస్తుండగా, అది ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని కాగితం లోపలికి లాక్కుంది. 'వచ్చింది, వచ్చింది' అని లేచాను. మా ఆవిడ పిండి చేత్తోనే వచ్చింది. కాగితం మెల్లగా బయటికి వచ్చింది. నాగపూర్‌లో ఎవరికో పంపే చీర తాలూకు చిరునామా. అవతలి గదిలో మంచం మీద పడుకుని మామ తన ఫోనులోంచి నొక్కాడు. 'అల్లుడా, జర ఆ కాయితం ఇటు అందిస్తవా' అని కేకేశాడు. అందించాను. ఆ కొద్ది అడుగుల దూరంలో నేను ఎంత దూరం ఆలోచించానో చెప్పలేను. ఆ ఇంట్లో నేను తప్ప అందరూ నొక్కితే అది పలుకుతోంది. మామకు పలుకుతోంది, ఎదురింటి బెన్‌కు పలుకుతోంది. యంత్రాలకు మనుషుల మీద పక్షపాతం ఉండదంటారు. వాటికి ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

ప్రింటరు మీద ఒక మీటను ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే అది తన గురించి తానే ఒక కాగితం రాసిస్తుంది. చేతికి దొరికిన మీటలన్నీ నొక్కుతుంటే ఆ కాగితం వచ్చింది. అందులో ఒక వరసలో 'ఏ లైను' అన్నదానికి ఎదురుగా 'ఇల్లు' అని ఉంది. నా లాప్‌టాపు మూల చూశాను. 'చుట్టాలు' అని ఉంది. ఆ రెండు మాటలూ చెరో చేత్తో పట్టుకున్నట్టు లేచి నడిచాను. కింద ఆవరణలో క్రికెట్ ఆడుకుంటున్న బావమరిదిని, బాల్కనీలోంచి పేరు పెట్టి గట్టిగా పిలిచాను. నేనతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అతను బ్యాటుతో సహా వచ్చాడు.

విషయం చెబితే అతను తల గోక్కుని, అది అంతేనన్నాడు. చుట్టాల లైనులో ఉన్నవాళ్ళకు ఇంటర్నెట్ వస్తుంది గానీ ఇంట్లో సామాను కనబడదట. అలా పెట్టడమే దాని పద్ధతట. అర్థం కానట్టు మొహం పెడితే, నాకు సులువుగా తెలియాలని ఇలా అన్నాడు:

"చుట్టమొస్తే చాయ్ పోస్తం, అన్నం పెడ్తం. బీరువ తాళం ఇస్తమా బావా?"

ఈ మాటను నేను ఎంత జాగ్రత్తగా దాచుకున్నానో, ఇప్పటికీ అతని గొంతుతో సహా వినిపించగలను. అయితే నన్ను ఇంటి లైనులో కలుపు, పాస్‌వర్డ్ చెప్పు అన్నాను. అతను మా ఆవిడ వైపు చూశాడు. మా ఆవిడ తన చేతికున్న పిండి వైపు చూసుకుంది. పాస్‌వర్డ్ గుర్తులేదన్నాడు. రోజూ కంప్యూటర్లతో బతికేవాడికి తన ఇంటి పాస్‌వర్డ్ గుర్తులేదట. అత్తమ్మను అడిగాను. 'నాకేం దెల్సు బిడ్డా, పోపు మాడుతున్నది' అని లోపలికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. మామ నిద్రపోయాడు. ఇప్పుడే కాగితం అందుకున్న మనిషి.

అప్పుడు నేను ఒక ఉపన్యాసం ఇచ్చాను. స్టేషనుతో మొదలుపెట్టి పెరుగు మీదుగా ఎదురింటి బెన్ దాకా వచ్చాను. ఎదురింటివాళ్ళకు లేని అడ్డు నాకెందుకని అడిగాను. ఉద్యోగం లేనివాడంటే అందరికీ లోకువేనన్నాను. సాయంత్రం బండికి సిరిసిల్ల పోతానన్నాను (సాయంత్రం అటు బండి లేదని అందరికీ తెలుసు, మర్యాదకు ఎవరూ చెప్పలేదు). గడియారంలో ఐదుంబావు దాటింది. మా ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. తమ్ముడి వైపు తిరక్కుండానే మెల్లగా అంది:

"చెప్పురా. అలిగితే అలుగుతడు. నౌకరి పోతే మల్ల రాదు."

బావమరిది బ్యాటును గోడకు ఆనించాడు. పోయి తలుపు దగ్గరగా నిలబడ్డాడు. పారిపోవడానికి అనువుగా అన్నమాట. అక్షరాలు చెబుతాను, టైపు చెయ్యమన్నాడు. ఏ అన్నాడు, కొట్టాను. ఎల్, యు, జి, యు, డి, యు. ఆగాడు. ఇంకా ఉందా అన్నాను. ఉందన్నాడు. ఏ, ఎల్, యు, డి, యు. అన్నీ కొట్టాక మామూలుగా చుక్కలే కనబడతాయి. సరిగ్గా కొట్టానో లేదో చూసుకుందామని పక్కనున్న కన్ను బొమ్మ నొక్కాను. చుక్కలు పోయి అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును పైకి చదవందే నాకు అర్థం కాదు. పైకే చదివాను.

"అలుగుడు అలుడు."

అవతలి గదిలో నిద్రపోతున్న మామ మంచం కిర్రుమంది. అలుగుడు అల్లుడు. నన్ను స్టేషను నుంచి తెచ్చిన మర్నాడే రౌటరు బిగించారట. దానికో పాస్‌వర్డ్ కావాలంటే ఇంట్లో అందరికీ నోట్లో ఆడుతున్న మాట అదేనట, మరిచిపోయే ప్రసక్తి లేదని పెట్టుకున్నారట. అందుకే నన్ను చుట్టాలలో కలిపారు. చిన్నచూపు చూసి కాదు, భయపడి. నాలుగు నెలల పాటు ఐదుగురు మనుషులు (ఎదురింటి బెన్‌తో కలిపి, ఆవిడకు తెలుగు రాకపోయినా అర్థం మాత్రం చెప్పారట) నా కంట పడకుండా ఆ మాటను కాపాడుకుంటూ వచ్చారు. నాకు తెలియకుండా నా గురించి అంత శ్రమ ఎవరూ పడలేదు.

అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. అలగడానికి నా జీవితంలో అంత మంచి కారణం అంతకు ముందు లేదు, తర్వాతా దొరకలేదు. లోపలి నుంచి వస్తోంది కూడా. కానీ గడియారం ఐదు నలభై చూపిస్తోంది. అలిగితే లాప్‌టాపును మూసేయాలి, మూసేస్తే గేటు తెరవరు. నేను బావమరిది వైపు తిరిగి, నా నోటికి వచ్చిన ఒకే ఒక్క మాట అన్నాను:

"అల్లుడికి రెండు ఎల్‌లు ఉండాలె గదరా."

అతను, ఇప్పుడు మారిస్తే అందరికీ లైను పోతుంది, ఈసారికి ఒకదానితో సర్దుకో బావా అన్నాడు. ఒక ఎల్‌తోనే సర్దుకుని, కలుపు అన్న మీట నొక్కాను. మూలనున్న 'చుట్టాలు' మాయమై 'ఇల్లు' వచ్చింది. ఫారం మీద ప్రింటు నొక్కాను. ప్రింటరు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, కాగితం లాక్కుంది. మొదట కంపెనీ గుర్తు, తర్వాత నా పేరు, తర్వాత మిగతా వరసలు, ఒక్కొక్కటే. వెచ్చగా ఉంది కాగితం. అది చేతికి వచ్చాక నేల మీద కూర్చున్నాను. మా ఆవిడ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, వెనకా ముందూ చూసి, నవ్వబోయి, కొంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వేనా అన్నది నేను గట్టిగా చూడలేదు. మామ వెంటనే నిద్రలేచి, కళ్ళజోడు పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా సంతకం చేశాడు. అత్తమ్మ చాయ్ తెచ్చింది. ఆరు గంటలకు లింకు మూసుకుపోవడం నేను చాయ్ తాగుతూ చూశాను. ఒక తలుపు మూసుకుపోతుంటే అంత హాయిగా ఉండడం మళ్ళీ ఎరుగను.

సోమవారం గేటు దగ్గర కాగితం చూపించాను, ముద్ర వేసి లోపలికి పంపారు. అంతే. ఫిర్యాదు చేయడానికి ఏమీ దొరకలేదు. సాయంత్రం కంపెనీ బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో చీరల పార్శిళ్ళు గుట్టగా పడున్నాయి, ఏ ఒక్కదాని మీదా చిరునామా లేదు. కొరియరువాడు ఏడింటికి వస్తాడు. ఉద్యోగం ఎలా ఉందని అడగాల్సిన వాళ్ళందరూ, అలిగి నేనే ఏదో చేసి పోయానేమోనని నా వైపు దొంగచూపులు చూస్తున్నారు. సంగతేమిటంటే, బావమరిది నా మీద గౌరవంతో (లేదా నేను నిదానంగా అలిగే రకమని తెలిసి) పొద్దున ఆఫీసుకు పోయేముందు పాస్‌వర్డ్ మార్చేశాడు. ఎవరికీ చెప్పలేదు. దాంతో ప్రింటరూ ఫోన్లూ అన్నీ ఇంట్లోంచి బయటపడ్డాయి. కొత్తదేమిటని ఫోను చేసి అడిగాను. అతను గొంతు తగ్గించి 'బంగారు బావ' అన్నాడు.

నేను ఆలోచించాను. వాళ్ళు పెట్టిన మొదటి మాటలో అవమానం ఉంది గానీ అబద్ధం లేదు. రెండోదాన్ని నా చేత్తో నేను టైపు చేసుకోవడం నా వల్ల కాదు. పాతదే పెడతాను, రౌటరులోకి ఎలా వెళ్ళాలో చెప్పు అన్నాను. అతను చెబుతుంటే కుర్చీలో కూర్చుని మార్చాను. ఎలాగూ అన్నీ తెగిపోయాయి కాబట్టి ఈసారి రెండు ఎల్‌లు పెట్టాను. అవమానించినా స్పెల్లింగు సరిగ్గా ఉండాలి. తర్వాత ఆ చిన్న ప్రింటరు తెర మీద బాణం గుర్తులు నొక్కుకుంటూ అక్షరం అక్షరం దించాను. ఆపైన ఒక్కొక్కరి ఫోనూ తెమ్మన్నాను. మామది, అత్తమ్మది, మా ఆవిడది, కబురు పెట్టి ఎదురింటి బెన్‌ది. అందరికీ నా బిరుదు నేనే రాసిచ్చాను. ఏడింటికి ముందే చిరునామాలన్నీ వచ్చేశాయి. కొరియరువాడి ముందే మామ, మరెన్నడూ లేనట్టు, 'అల్లుడా, ఈ మిషన్ సంగతి ఇగ నువ్వే జూస్కో' అన్నాడు. జూస్కుంటా అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మేం ఆల్థాన్‌లోనే వేరే ఇల్లు తీసుకున్నాం. హజీరా బస్సు ఇప్పటికీ అదే మలుపులో ఎక్కుతున్నాను. చిన్నచూపులు ఇప్పుడూ జరుగుతూనే ఉంటాయి. కాకపోతే, మర్నాటికి వాటిని వెతుక్కోవలసి వస్తోంది. మొన్న ఆదివారం మా ఆవిడ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, 'నెల దాటింది నువ్వు అలుగక, ఒంట్లో మంచిగనే ఉందా' అని అడిగింది. ఆమె మనసు కుదుటపడాలని, చాయ్‌లో చక్కెర తక్కువైందని వంక పెట్టి, బాల్కనీలోకి పోయి అటు తిరిగి కూర్చున్నాను. ఒకప్పుడైతే మూడు రోజులు సునాయాసంగా లాగేవాడిని. ఐదు నిమిషాలకే ఎందుకు అలిగానో మరిచిపోయి, లోపలికి వచ్చి ఆ చాయే తాగేశాను.